బీము ఎత్తకముందు

భూమి కదిలినప్పుడు డయాలసిస్ గదిలో నలుగురి రక్తం వాళ్ళ ఒంటి బయట ఉంది.

ఉదయం పదిన్నర. నాలుగు మంచాలు, నాలుగు యంత్రాలు, ఒక్కో యంత్రం గొట్టాల్లో గ్లాసుడు రక్తం. ఆ గదికి పన్నెండేళ్ళుగా ఒకావిడే టెక్నీషియన్. నీళ్ళు సరిగ్గా లేకపోతే యంత్రం ఆన్ చెయ్యనంటూ రోజూ ఎవరితోనో ఒకరితో గొడవ పెట్టుకుంటుంది కాబట్టి ఆసుపత్రిలో అందరూ ఆమెను నీళ్ళక్క అంటారు. డాక్టరమ్మ కూడా అలాగే పిలుస్తుంది.

ముందు చప్పుడు వచ్చింది. బరువు లారీ ఏదో గోడను రాసుకుంటూ పోతున్నట్టు. ఆ తర్వాత నేల పక్కకు జరిగింది. మంచాలు వాటంతట అవే చక్రాల మీద దొర్లాయి. పైనుంచి సున్నం పెచ్చులు పడ్డాయి. కరెంటు పోయి, నాలుగు యంత్రాలూ ఒకేసారి కూత మొదలుపెట్టాయి.

యంత్రం ఆగితే రక్తం గొట్టాల్లోనే గడ్డకట్టిపోతుంది. అందుకే ప్రతిదానికీ చేత్తో తిప్పే పిడి ఒకటి ఉంటుంది. పన్నెండేళ్ళలో ఆ పిడిని ఆమె నాలుగైదుసార్లకు మించి ముట్టుకోలేదు. ఇప్పుడు కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఇంకొకటి పట్టుకుంది. మిగిలిన ఇద్దరికీ గట్టిగా అరిచి చెప్పింది.

"మీ పిడి మీరే తిప్పుకోండి! సూదిలేని చేత్తో! కుడివైపుకి! ఆపొద్దు!"

మూలమంచం మీద ఉన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు వణుకుతూనే తిప్పసాగాడు. "ఈ వయసులో పిండి విసరమంటావేమిటే తల్లీ," అన్నాడు. అలా అంటూనే ఏడ్చాడు.

నలుగురి రక్తం నలుగురి ఒంట్లోకి తిరిగి వెళ్ళింది. సూదులు పీకి, దూది అదిమిపెట్టి, ఒక్కొక్కరినే భుజం మీద మోసుకుంటూ ఆవరణలోకి చేర్చింది. చివరి మనిషిని నేల మీద కూర్చోబెట్టింది.

అప్పుడు తలెత్తి కొండవైపు చూసింది.

ఊరికి ఉత్తరాన నిలబడే పచ్చటి కొండ సగం లేదు. పైనుంచి కిందిదాకా చర్మం ఒలిచినట్టు ఎర్రటి మట్టి కనబడుతోంది. చెట్లు అడుగున అగ్గిపుల్లల్లా గుట్టపడి ఉన్నాయి. ఆ మట్టిలోంచి లేచిన దుమ్ము పొగలాగా దొర్లుకుంటూ వచ్చి పావుగంటలో ఊరంతా కప్పేసింది. ఆవరణలో కూర్చున్న వాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు దగ్గసాగారు. మూడు వందల మంది ఉన్న చోట దగ్గు తప్ప వేరే శబ్దం లేదు.

*

మధ్యాహ్నం రెండు గంటలకు నీళ్ళక్క తోడబుట్టిన అక్క వచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు. జుట్టు నిండా పిండో దుమ్మో తెలియని తెల్లదనం. అక్కా బావా బజారులో రొట్టెల దుకాణం నడుపుతారు. ఫోన్లు పనిచెయ్యక, చెల్లెలు ఉందో లేదో తెలియక, రెండు మైళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"బతికే ఉన్నాడే!" అంది చెల్లెల్ని వాటేసుకుని. "మీ బావ బతికే ఉన్నాడు! కాళ్ళ మీద బీము పడింది. శుభ్రంగా మాట్లాడుతున్నాడు. జాకీలు పెడుతున్నారు. నువ్వు బండి పంపించు, ఇంకో అరగంటలో తీసేస్తాం. పక్క దుకాణంలో బీము కింద చిక్కిన గడియారాలాయన్ని ఎప్పుడో తీసేశాం తెలుసా! జాకీ నేనే తిప్పాను, చూడు నా చేతులు!"

అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"ఆ గడియారాలాయన ఎలా ఉన్నాడక్కా?"

అంతదాకా పరుగులో వెనకే వదిలేసి వచ్చిన మాట ఇప్పుడు అక్కను అందుకున్నట్టుంది.

"పోయాడే," అంది మెల్లగా. "ఎలా పోయాడో అర్థం కాలేదు. బయటికొచ్చాక నవ్వాడు. నన్ను చూసి, బంగారు తల్లివమ్మా అన్నాడు. టీ కావాలన్నాడు. కనీసం గీత కూడా పడలేదు ఒంటిమీద. పది నిమిషాలు కూడా కాలేదు, తల పక్కకు వాల్చేశాడు. అంతే."

నీళ్ళక్కకు మాత్రం అర్థమైంది.

కిడ్నీలు పనిచెయ్యని మనుషులతో పన్నెండేళ్ళు గడిపిన ఆమెకు పొటాషియం అనే మాట ఇంటిపేరంత దగ్గర. ఒంట్లో అది కాస్త పెరిగితే గుండె తడబడుతుంది, ఇంకాస్త పెరిగితే ఆగుతుంది. గంటలకొద్దీ నలిగిన కండరం దాన్ని కక్కుతూ ఉంటుంది. బీము కింద ఉన్నంతసేపూ ఆ విషం కాలిలోనే ఉంటుంది. బరువు తీసిన మరుక్షణం రక్తం కాలిలోకి దూకి, దాన్నంతా మోసుకుని తిన్నగా గుండెకు వస్తుంది.

ఆమె డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. డాక్టరమ్మ చెట్టు కింద ఎవరిదో విరిగిన చెయ్యి కడుతోంది. తలెత్తకుండానే విన్నది.

"ఎత్తకముందే సెలైన్ పెట్టాలి. కనీసం రెండు లీటర్లు. మామూలుది. పొటాషియం కలిసినది పొరపాటున కూడా తీసుకెళ్ళకు. సీసా మీద చదువు, రెండుసార్లు చదువు. గుండెకు పనికొచ్చే ఇంజెక్షన్ ఒకటి ఇస్తాను, ఎత్తాక నాడి తప్పితే మెల్లగా ఎక్కించు. నేను రాలేను, చూస్తున్నావు కదా. నరం పట్టడంలో నీకంటే మొనగాళ్ళు ఇక్కడెవరున్నారు?"

*

అక్క వెంట వచ్చినా బజారు వీధిని ఆమె గుర్తుపట్టలేకపోయింది. దుకాణాల బోర్డులు నేల మీద ఉన్నాయి, మేడమీది కిటికీలు కంటి ఎత్తుకు వచ్చేశాయి. రొట్టెల దుకాణం ముందు పదిమంది మగవాళ్ళు చేరి ఉన్నారు. టైర్ల షాపు మేస్త్రీ రెండు జాకీలు బీము కింద ఇరికించి, పిడి మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"ఆగండి!" అని వీధి చివరనుంచే అరిచింది. "ఎత్తకండి! ఎవరూ ఎత్తకండి!"

బావ పొయ్యి పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. తొడల మీదుగా బీము. మనిషంతా పిండి. కనుబొమ్మలు, రెప్పలు, మీసం అన్నీ తెలుపు. ఆమెను చూసి పళ్ళు ఇకిలించాడు.

"రా మరదలా. ఒక్కరోజులో ముసలాణ్ణయిపోయాను, చూడు. మీ అక్క ఇక నన్ను ఏలుకోదు."

"నోరు మూసుకో బావా. కాళ్ళు తెలుస్తున్నాయా?"

"నావేనా అవి? అద్దెకిచ్చినట్టుంది."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. మోచేతి మడతలో పిండి తుడిచి నరం వెతికింది. దొరికింది. సూది దించి, సెలైన్ సీసాను ఎదురుగా ఉన్న మనిషి చేతికిచ్చి పైకెత్తి పట్టుకోమంది.

"ఇది ఎంతసేపు?" అన్నాడు మేస్త్రీ.

"గంట."

"గంటా!" అక్క గొంతు చీలింది. "మతిపోయిందా నీకు? ఐదు నిమిషాల్లో బయటికొచ్చేవాణ్ణి గంటసేపు ఆ బండ కిందే ఉంచుతానంటావా? పైకప్పు చూడు, వేలాడుతోంది! మళ్ళీ కదిలితే?"

"తీస్తే చచ్చిపోతాడక్కా."

"ఉంచితే చస్తాడు!"

అప్పుడే నేల మళ్ళీ కదిలింది. పెద్దగా కాదు. పైకప్పులోంచి ఇటుక ఒకటి జారి, బావ తల పక్కన జానెడు దూరంలో పడింది. మగవాళ్ళందరూ వీధిలోకి దూకారు. సీసా పట్టుకున్నతను కూడా పరుగెత్తబోయి, చేతిలో గొట్టం చూసుకుని, కళ్ళు మూసుకుని అక్కడే నిలబడిపోయాడు.

కదలిక ఆగగానే అక్క వచ్చి చెల్లెలి చెంప మీద కొట్టింది. చిన్నప్పుడు కూడా ఎప్పుడూ కొట్టలేదు.

"నా మొగుణ్ణి చంపేస్తావటే? గడియారాలాయన్ని తీశాం కదా! అందరం కలిసి తీశాం కదా!"

చెల్లెలి దగ్గర దానికి ఒకటే జవాబు ఉంది. అది అక్కతో చెప్పలేనిది. చెంప మంట పుడుతున్నా సెలైన్ చుక్కలే లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. మేస్త్రీ అటూ ఇటూ చూశాడు.

"తియ్యాలా వద్దా? ఎవరో ఒకరు చెప్పండమ్మా."

"నేను చెప్తాను," అన్నాడు బావ కింద నుంచి. గొంతులోంచి నవ్వు పోయింది. "నా మరదలు చెప్పినట్టు చెయ్యండి. ఏమే, నువ్విలా రా. చెయ్యి పట్టుకో. నీ చెల్లెలు ఊరికే చెప్పదు."

అక్క ఆ బీము పక్కనే దుమ్ములో కూలబడింది. గంటసేపు మొగుడి చెయ్యి వదల్లేదు, చెల్లెలి మొహం చూడలేదు.

రెండో సీసా అడుగంటాక నీళ్ళక్క తల ఊపింది. జాకీలు తిరిగాయి. బీము అంగుళం, రెండంగుళాలు, బెత్తెడు లేచింది. నలుగురు కలిసి అతన్ని వెనక్కి లాగారు. ఆమె వేళ్ళు అతని మణికట్టు మీదే ఉన్నాయి. నాడి మొదట బాగానే కొట్టుకుంది. తర్వాత ఒక దెబ్బ తప్పింది. ఇంకొకటి తప్పింది. బావ కళ్ళు పైకి తిరిగాయి.

"బావా! నన్ను చూడు! బావా!"

డాక్టరమ్మ ఇచ్చిన ఇంజెక్షన్ను గొట్టంలోకి మెల్లగా ఎక్కించింది. తొందరపడకూడదని చేతికి చెప్పుకుంటూ ఎక్కించింది. తన గుండె చప్పుడు చెవుల్లో మోగుతుంటే అతని నాడి దొరకలేదు. మళ్ళీ వెతికింది. ఉంది. పల్చగా, తడబడుతూ, కానీ ఉంది.

*

సాయంత్రానికి బావ మూత్రం చిక్కటి టీ రంగులో వచ్చింది. తర్వాత రావడం మానేసింది. డాక్టరమ్మ ఆ సీసాను వెలుతురుకు పట్టి చూసి, "నలిగిన కండరం కిడ్నీలకు అడ్డం పడింది. రేపటికి నీ గదే దిక్కు," అంది.

నీళ్ళక్క వెళ్ళి కొళాయి తిప్పింది. ఇటుక రంగు బురద ఒక చారెడు వచ్చి, గాలి బుస్సుమని ఆగిపోయింది. మేడమీది ట్యాంకు పగిలి ఎండిపోయి ఉంది. ఒక్క మనిషికి ఒకసారి డయాలసిస్ చెయ్యాలంటే, వడపోతలో పోయేదాంతో కలిపి, మూడు వందల లీటర్ల నీళ్ళు కావాలి. పాత రోగులు నలుగురు, నలిగి వచ్చినవాళ్ళు ముగ్గురు. ఆసుపత్రిలో ఉన్న నీళ్ళు తాగడానికే చాలవు.

మర్నాడు తెల్లారగానే వాల్వు బాబాయిని వెంటబెట్టుకుని కొండెక్కింది. ఊరి నీటి వాల్వులు తిప్పేది ఆయనే. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఉద్యోగం. "మా ఆవిడ మొహం కంటే ఊట మొహమే ఎక్కువసార్లు చూశాను" అని చెప్పుకునే మనిషి. ఊరి కొళాయిలన్నిటికీ నీళ్ళు కొండమీది ఆ ఊట నుంచే; ఎంత ఎండ కాసినా అది తగ్గిందని ఎవరూ వినలేదు.

దారిలో వాగు కనబడలేదు. కొండచరియ విరిగి అడ్డంగా పడటంతో నీళ్ళు ఆగిపోయి, అడుగున రాళ్ళు బయటపడ్డాయి. వేలెడంత చేపలు వెండిరేకుల్లా ఆ రాళ్ళమీద పరిచి ఉన్నాయి. వాటిమీద ఒక్క పక్షి కూడా వాలలేదు. అడ్డుపడ్డ మట్టికి అవతల మాత్రం చెట్లు నిలువునా మునిగిన కొత్త చెరువు ఒకటి తయారవుతోంది. ఇద్దరూ దాన్ని చూసి గబగబా అడుగులు వేశారు.

ఊటతొట్టి చెక్కుచెదరలేదు. రాయి మీద రాయి అలాగే ఉంది. లోపల చుక్క లేదు. తడి బురదలో కప్పలు కొన్ని గొంతులు ఎగరేస్తూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. బాబాయి తొట్టిలోకి దిగి, నీళ్ళు పుట్టే రాతిచీలికలో భుజందాకా చెయ్యి పెట్టాడు.

"పొడిగా ఉందమ్మా," అన్నాడు. "దుమ్ము వస్తోంది చేతికి. ఎక్కడికి పోయిందమ్మా ఇంత నీరు? ఎక్కడికి పోతుంది?"

ఆయన ఆ మాటనే దిగుతున్నంతసేపూ అంటూ వచ్చాడు. బడి ఆటస్థలం కింద గోడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఎప్పుడూ పొడిగా ఉండే ఆ రాతిగోడ మూడుచోట్ల పగిలి ఉంది. చీలికల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. గోరువెచ్చగా, బియ్యం కడిగిన రంగులో, కుళ్ళిన గుడ్డు వాసనతో.

"ఇదే," అన్నాడు బాబాయి. నవ్వో ఏడుపో తెలియని మొహంతో గోడ మీద చెయ్యి వేశాడు. "కొండ లోపలే దారి మార్చుకుని దిగొచ్చేసిందమ్మా!"

మధ్యాహ్నానికి ఆ నీరు తేటపడింది. నీళ్ళక్క పరీక్ష కాగితం ముంచితే గాఢమైన రంగు వచ్చింది. ఉప్పులు పాత ఊటకంటే రెండింతలు. మామూలు రోజైతే ఆ నీటిని గది గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు. వడపోత పొరలు పదిరోజుల్లో పాడైపోతాయి. ఆ నీళ్ళలో ఇంకేముందో పరీక్షించే సరంజామా తన దగ్గర లేదు. యంత్రాల్లో పొయ్యొచ్చా అని డాక్టరమ్మను అడిగింది.

"పొయ్యకపోతే?" అంది డాక్టరమ్మ.

"ఏడుగురూ పోతారు."

"మరి అడుగుతావేం?"

బడి గోడ నుంచి ఆసుపత్రి దాకా ఊరివాళ్ళు వరస కట్టి క్యాన్లు అందించారు. జనరేటర్ పెట్టారు. నాలుగు గంటల పనిని రెండున్నర గంటలకు కుదించి, డాక్టరమ్మ రాసిచ్చిన వరస ప్రకారం ఒక్కొక్కరినీ ఎక్కించింది. బావ పేరు రెండోది. మొదటిది బస్సు నడిపే ఒకామెది. నాలుగోరోజు ఆమె పోయింది, రెండుసార్లు రక్తం శుభ్రం చేసినా. నీళ్ళక్క ఆ యంత్రాన్ని తుడిచిన చోటే తుడుస్తూ నిలబడింది. లెక్కల మాస్టారు తన మంచం మీంచి దిగివచ్చి, ఆమె చేతిలోని గుడ్డ తీసుకుని తనే తుడిచాడు.

*

ఆరోరోజు అక్క మాట్లాడింది.

బావ మంచం పక్కన కూర్చుని ఉంది. అతని ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. మనిషి నిద్రపోతున్నాడు. అక్క యంత్రంలో తిరిగే ఎర్రటి గొట్టాన్ని చూస్తూ, చెల్లెల్ని చూడకుండానే అడిగింది.

"ఆ రోజు సెలైన్ పెట్టకుండా తీసుంటే ఈయన పోయేవాడా?"

"ఆ."

"గడియారాలాయన అందుకే పోయాడా?"

నీళ్ళక్క యంత్రం గొట్టం సర్దింది.

"అంటే మేం తియ్యబట్టే పోయాడు. నేను జాకీ తిప్పబట్టే."

అబద్ధం నాలుక చివరే ఉంది. గుండెజబ్బేమో అనొచ్చు, లోపల దెబ్బేమో అనొచ్చు. కానీ అక్క కళ్ళు ఆరురోజులుగా నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. అక్క అప్పటికే లెక్క కట్టేసుకుంది.

"తీసినందుకే పోయాడక్కా. కానీ అక్కడ సెలైన్ లేదు, పెట్టేవాళ్ళు లేరు. తియ్యకపోయినా సాయంత్రానికి పోయేవాడేమో. నాకు తెలీదు. మీకూ తెలీదు. తెలిసుంటే చేసేవాళ్ళా?"

అక్క ఏడవలేదు. లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "పిన్నికి చెప్పాలి. రా నాతో," అంది. పిన్నంటే గడియారాలాయన భార్య.

"వద్దక్కా. ఆవిడకెందుకు ఇప్పుడు?"

"ఎవరి నోటో వినేకంటే నా నోట వినడం మేలు."

పిన్ని బడి ఆవరణలో వేసిన గుడారంలో ఉంది. ఇద్దర్నీ చూసి చాప పరిచింది. అక్క చాప మీద కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. బీము, విషం, జాకీ, తన చేతులు. ఒక్క మాట మింగలేదు.

"నీళ్ళు కాదా?" అంది పిన్ని.

వీళ్ళకు అర్థం కాలేదు.

"ఆయన టీ అడిగాడు. టీ ఎక్కడ తేను? ముందు గుక్కెడు నీళ్ళు తాగమని నేనే పట్టాను. తాగిన రెండు నిమిషాలకే వాలిపోయాడు. దెబ్బ తిన్నవాడికి నీళ్ళు పడతారా, నీళ్ళుపోసి చంపుకున్నావని మా ఆడపడుచు అంది. అప్పటినుంచి నేను గొంతు తడుపుకోవడానికి తప్ప నీళ్ళు ముట్టుకుంటే..." ఆగిపోయింది. పెదాలు బీటలువారి రక్తం కారి ఉన్నాయని నీళ్ళక్క అప్పుడే గమనించింది. "నిజం చెప్పమ్మా. నువ్వు ఆసుపత్రి దానివి. నీళ్ళు కాదా?"

"కాదు పిన్నీ. నీళ్ళకూ దానికీ సంబంధం లేదు. నీళ్ళు పట్టడం మంచిపనే."

పిన్ని రెండుచేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరిపడేలా ఏడ్చింది. ఇద్దరూ ఆమెకు చెరోపక్కా కూర్చున్నారు. చాలాసేపటికి మొహం తుడుచుకుని అక్కవైపు తిరిగింది.

"జాకీ నువ్వు తిప్పావా?"

"అవును పిన్నీ."

"చేతులు చూపించు."

అక్క అరచేతులు చాపింది. బొబ్బలు చితికి, తోలు ఊడి, ఎర్రగా ఉన్నాయి. పిన్ని ఆ చేతుల్ని తన ఒళ్ళోకి తీసుకుని చూసింది. క్షమించానని అనలేదు. తప్పు నీది కాదనీ అనలేదు.

"ఇంత తిప్పావా ఆయనకోసం," అని మాత్రం అంది. ఆ తర్వాత గ్లాసు తీసుకుని, నీళ్ళు ముంచుకుని, కళ్ళు మూసుకుని తాగింది.

*

పద్దెనిమిదో రోజున బావ కిడ్నీలు తిరిగి పని మొదలుపెట్టాయి. సీసా అడుగున కాసిని పచ్చటి చుక్కలు చూసి వార్డంతా చప్పట్లు కొట్టింది. "పిల్లవాడు మొదటిసారి నడిచినా ఇంత సంబరం చెయ్యరు కదా," అని బావ సిగ్గుపడ్డాడు. అప్పటికి పై ఊరినుంచి కొత్త వడపోత పొరలు వచ్చాయి, నీటి పరీక్షలు చేసే మనుషులూ వచ్చారు. బడిగోడ నీళ్ళలో ఇనుము, గంధకం ఎక్కువున్నాయనీ, తాగడానికి శుద్ధి చెయ్యాలనీ తేల్చారు. పాత ఊట ఇక రాదన్నారు. వాగుకు అడ్డంపడ్డ మట్టి తెగితే కింది వీధులు కొట్టుకుపోతాయని, అక్కడివాళ్ళను ఖాళీ చేయించారు.

దగ్గు ఊరిని వదల్లేదు. గాలి వీచినప్పుడల్లా ఒలిచిన కొండ మీదినుంచి ఎర్రదుమ్ము దిగుతూనే ఉంది. చాలామందికి నేల కదలకపోయినా కదిలినట్టే ఉంటోంది. గ్లాసులో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టుకుని, అవి నిలకడగా ఉన్నాయని చూసుకుంటే తప్ప కూర్చోలేకపోతున్నారు. నీళ్ళక్క కూడా అంతే. యంత్రం పిడి మీద ఒక చెయ్యి వేసి ఉంచితేనే పని చెయ్యగలుగుతోంది.

బావ కర్ర ఊతంతో ఇంటికి వెళ్ళే రోజు పిన్ని ఆసుపత్రి వార్డు దాకా వచ్చింది. ఇల్లంటే గుడారమే, పిన్ని గుడారానికి నాలుగడుగుల దూరంలో. ఆమె అతని సంచీ అందుకుని ముందు నడిచింది. బావ రెండో మెట్టు మీద తూలాడు. అక్కా పిన్నీ చెరో పక్కనుంచి పట్టుకున్నారు. ముగ్గురూ గేటు దాటి, ఎండలోకి, ఎర్రదుమ్ములోకి మెల్లగా నడిచి వెళ్ళారు.